పల్లీ నూనె మిల్లుకు ఏ సర్టిఫికెట్ ముందు, ఏది తర్వాత: పాలమూరు యూనిట్లకు సమగ్ర మార్గదర్శి

మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతాల్లో యాసంగి పల్లికాయ బాగా పండుతుంది. అందుకే ఇక్కడ చిన్న నూనె మిల్లు, కట్టె గానుగ, వేయించిన పల్లీల ప్యాకింగ్ యూనిట్ పెట్టాలనుకునేవాళ్లు ఎక్కువ. మిషన్ దిగకముందే చాలామంది ఐఎస్ఓ సర్టిఫికెట్ గురించి అడుగుతారు. వారంలో తెచ్చిస్తామని చెప్పే ఏజెంట్లూ దొరుకుతారు. డబ్బు పోయేది అక్కడే. గోడకు ఫ్రేము వేలాడుతుంది కానీ పెద్ద కొనుగోలుదారు మనిషి వచ్చి "ఈ బ్యాచ్ నూనె ఏ లాట్ పల్లీలతో ఆడించారు?" అని అడిగితే చెప్పడానికి రిజిస్టర్ ఉండదు.

సరైన వరుస ఇది: ముందు చట్టం అడిగే లైసెన్సులు, తర్వాత లాట్ వారీగా పరీక్షలు, రికార్డులు, ఆ తర్వాత అవసరమైతే అగ్‌మార్క్, చివరగా ఐఎస్ఓ 22000. ఒక్కో మెట్టు కింది మెట్టు మీద నిలబడుతుంది కాబట్టి వరుస మార్చకండి.

ఏ కాగితం దేనికి హామీ ఇస్తుంది

ఎఫ్ఎస్ఎస్ఎఐ (కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) లైసెన్సు అంటే ఆహార వ్యాపారం చేయడానికి ప్రభుత్వ అనుమతి. నూనె బాగుందని అది చెప్పదు. ల్యాబ్ రిపోర్టు చేతికిచ్చిన ఆ శాంపిల్ గురించి మాత్రమే చెబుతుంది. అగ్‌మార్క్ సరుకు మీద గుర్తు, అది ఫలానా గ్రేడుకు సరిపోయిందని చెబుతుంది. ఐఎస్ఓ 22000 పని పద్ధతికి ఇచ్చే సర్టిఫికెట్. ప్రమాదం ఎక్కడ రావచ్చో గుర్తించి అదుపు చేసే ఏర్పాటు మీ దగ్గర ఉందని దాని అర్థం. అది సరుకుకు ఇచ్చేది కాదు కాబట్టి నూనె ప్యాకెట్ మీద ఆ సర్టిఫికేషన్ మార్కు వేయకూడదు. ఐఎస్ఓ సంస్థ ప్రమాణాన్ని రాస్తుందే తప్ప తానుగా ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, తన లోగో వాడుకోవడానికి ఒప్పుకోదు. సర్టిఫికెట్ ఇచ్చేది వేరే ఆడిట్ సంస్థలు.

మొదటి మెట్టు: షెడ్డు, నీళ్లు

లైసెన్సుకు అప్లై చేసేముందే షెడ్డు లేఅవుట్ గీయండి. కాయ దిగే చోటు, ఒలిచే మిషన్, జల్లెడ, ఏరే బల్ల, గానుగ లేదా ఎక్స్‌పెల్లర్, ఫిల్టర్, ట్యాంకులు, ప్యాకింగ్ ఒకే దిశలో సాగాలి. ఒలిచే మిషన్ దుమ్ము, పొట్టు ప్యాకింగ్ గదివైపు రాకూడదు. చిన్న షెడ్డుల్లో అందరూ చేసే తప్పు ఇదే: స్థలం చాలదని ఒలిచే మిషన్, ప్యాకింగ్ బల్ల పక్కపక్కనే పెడతారు. మధ్యలో గోడ కట్టించడం తర్వాత మిషన్లు జరపడం కన్నా చవక. బస్తాలు నేలకు జానెడు ఎత్తున చెక్క పలకల మీద, గోడకు ఒక మనిషి నడిచేంత ఎడంగా ఉండాలి. చెమ్మ ఎక్కకుండా ఉంటుంది, ఎలుకల జాడ కూడా తెలుస్తుంది.

ఎక్స్‌పెల్లర్ బెల్టులకు, గేర్లకు జాలీ గార్డులు, మోటార్లకు ఎర్తింగ్, పొట్టు కుప్పకు దూరంగా వైరింగ్, చేతికందే చోట అగ్నిమాపక సిలిండర్లు. ఇవి పనివాళ్ల ప్రాణాలకు సంబంధించినవి. ఏ ఆడిటూ లేకపోయినా మొదటి రోజు నుంచే ఉండాలి. కాలుష్య నియంత్రణ మండలి, ఫైర్, ఫ్యాక్టరీ అనుమతుల్లో మీ యూనిట్ సైజుకు ఏవి పడతాయో రాష్ట్ర ప్రభుత్వ అనుమతుల పోర్టల్ టీజీ ఐపాస్‌లో చూసుకుని అక్కడే దరఖాస్తు చేయండి.

నీళ్ల సంగతి మన దక్షిణ తెలంగాణలో విడిగా చెప్పాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా అనుమతి. 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఈ.కోలి అసలు కనిపించకూడదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ చిక్కబడుతుంది కూడా. నూనె ఆడించడానికి నీళ్లెందుకని కొందరు నీటి పరీక్ష మానేస్తారు. చేతులు, పాత్రలు, ట్యాంకులు కడిగేది, పల్లీ పట్టీ పాకం పట్టేది ఆ నీళ్లతోనే. లైసెన్సు దరఖాస్తులోనూ నీటి రిపోర్టు అడుగుతారు. బోరు నీళ్లు పనికిరాకపోతే మిషన్ భగీరథ కనెక్షన్ తీసుకోండి, లేదా ఆర్ఓ పెట్టి శుద్ధి చేసిన నీళ్లకే పరీక్ష చేయించండి. బోరు శాంపిల్ ఇచ్చి, వాడేది ట్యాంకు నీళ్లయితే ఆ రిపోర్టు పనికిరాదు. చేతులు కడిగే కుళాయి దగ్గరే శాంపిల్ పట్టండి.

రెండో మెట్టు: ఎఫ్ఎస్ఎస్ఎఐ

దరఖాస్తు ఎఫ్ఎస్ఎస్ఎఐ వారి ఫాస్‌కాస్ పోర్టల్లో. రిజిస్ట్రేషన్ సరిపోతుందా, రాష్ట్ర లైసెన్సు కావాలా, కేంద్ర లైసెన్సు కావాలా అన్నది టర్నోవర్, రోజువారీ ఉత్పత్తి సామర్థ్యం, వ్యాపారం రకాన్ని బట్టి తేలుతుంది. పోర్టల్లో మీ లెక్కలు కొట్టగానే అదే చూపిస్తుంది. సామర్థ్యం తగ్గించి రాయకండి. ఎక్స్‌పెల్లర్ ప్లేటు మీద గంటకు ఎన్ని కిలోలో రాసి ఉంటుంది, తనిఖీ అధికారి దాన్నే గుణించి చూస్తారు.

సిద్ధంగా ఉంచుకోవాల్సినవి: లేఅవుట్ ప్లాన్, మిషన్ల జాబితా హార్స్‌పవర్‌తో, స్థలం మీ స్వాధీనంలో ఉందనే పత్రం, నీటి రిపోర్టు, తయారుచేసే సరుకుల జాబితా, ఆహార భద్రత ప్రణాళిక. కంపెనీ అయితే బాధ్యుడి నామినేషన్ ఫారం కూడా. సరుకుల జాబితా రాసేటప్పుడు శ్రద్ధ పెట్టండి. ఇప్పుడు నూనె ఒక్కటే రాసి, ఆరు నెలలకు వేయించిన పల్లీలు ప్యాక్ చేస్తే, లైసెన్సులో లేని సరుకు అమ్మినట్టే. కొత్త సరుకు మొదలుపెట్టే ముందే లైసెన్సులో మార్పు పెట్టించాలి.

లైసెన్సు నంబరు 14 అంకెలు. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే రిజిస్ట్రేషన్. తర్వాతి రెండు అంకెలు రాష్ట్రం కోడ్, తెలంగాణకు 36. ఆ తర్వాతి రెండు సంవత్సరం.

లైసెన్సు వచ్చాక షరతులు మొదలవుతాయి. ఆరు నెలలకు ఒకసారైనా సరుకు పరీక్ష చేయించాలి. ఆహారం ముట్టుకునే ప్రతి పనివాడికీ ఏడాదికోసారి వైద్య పరీక్ష, ఆ సర్టిఫికెట్ ఫైల్లో ఉండాలి. సీజన్‌కు మాత్రమే వచ్చే హమాలీలు, ఏరడానికి వచ్చే ఆడవాళ్ల సర్టిఫికెట్లే తనిఖీల్లో ఎక్కువగా దొరకనివి. ప్రతి 25 మందికి కనీసం ఒక్కరు ఫాస్టాక్ (ఎఫ్ఎస్ఎస్ఎఐ ఆహార భద్రత శిక్షణ) పొందినవాళ్లు ఉండాలి. ఆ శిక్షణకు యజమాని ఒక్కడే వెళ్లొస్తే ఉపయోగం తక్కువ, షిఫ్టులో నిలబడే సూపర్‌వైజర్‌ని పంపండి.

మూడో మెట్టు: కాంటా, లేబుల్

కాంటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి. ప్యాక్ చేసే సంస్థగా ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల కింద రిజిస్ట్రేషన్ ప్యాకింగ్ మొదలైన 90 రోజుల్లో పెట్టాలి.

నూనె పరిమాణం లీటర్లలో రాస్తే పక్కనే బరువు కూడా రాయాలి. పల్లీ నూనె లీటరు సుమారు 910 గ్రాములు తూగుతుంది, ఎండాకాలం నూనె వ్యాకోచించి కాస్త తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం లీటరు గీత చూసి నింపితే బరువు తక్కువ వస్తుంది. అందుకని బరువు చూసి నింపండి. లోపల పట్టే నూనె కచ్చితంగా తెలియాలంటే ఖాళీ సీసా బరువు బ్యాచ్ బ్యాచ్‌కీ చూసి కాంటా సున్నా చేయాలి.

లేబుల్ మీద సరుకు పేరు, ఎఫ్ఎస్ఎస్ఎఐ లోగో, నంబరు, బ్యాచ్ నంబరు, ప్యాక్ చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, నికర పరిమాణం, అన్ని పన్నులు కలిపిన ధర, యూనిట్ ధర, తయారీదారు చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, పచ్చ చుక్క ఉండాలి. నూనె ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ తగ్గిస్తుంది", "డబుల్ రిఫైన్డ్" లాంటి గొప్పలు నిషేధం. ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు పాత డిజైన్ల నుంచి ఈ మాటలు తెచ్చి పెడతారు కాబట్టి ప్రూఫ్ చూసేటప్పుడు వాటిని కొట్టేయండి. వేయించిన పల్లీలు, పట్టీల ప్యాకెట్ మీద పల్లీ ఉందనే అలర్జీ హెచ్చరిక తప్పనిసరి. విడి నూనె అమ్మకానికీ కేంద్ర నిబంధనల్లో అనుమతి లేదు, సీల్ వేసిన ప్యాకెట్‌లోనే అమ్మాలి.

నాలుగో మెట్టు: లాట్ పరీక్ష

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. పల్లీ సరుకుకు అసలు ప్రమాదం అఫ్లాటాక్సిన్. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు దీన్ని పుట్టిస్తుంది. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్ కారకం. వేయిస్తే కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. పంట చివరి రోజుల్లో నీటి ఎద్దడి, చెదలు, తవ్వేటప్పుడు కాయ పగలడం, తడి కాయను కుప్ప పోయడం దీనికి కారణాలు. రైతు దగ్గరే సగం యుద్ధం గెలవాలి.

మన దేశంలో పరిమితి: ఇంకా ప్రాసెస్ చేయబోయే పల్లీలో కిలోకు 15 మైక్రోగ్రాములు, నేరుగా తినే పల్లీలో 10. కిలోకు ఒక మైక్రోగ్రామునే ఒక పీపీబీ అంటారు. రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేసినప్పుడు నూనెలో ఉన్న కాస్త విషమూ పోతుంది. గానుగ నూనెను అలా శుద్ధి చేయరు, అందులో సన్నటి పిండి రేణువులు మిగులుతాయి, వాటితోపాటు విషమూ మిగులుతుంది. అందుకే గానుగ పెట్టినవాళ్లు గింజ దగ్గరే కఠినంగా ఉండాలి.

విషంలో చాలా భాగం చెక్కలోకి, అంటే నూనె తీశాక మిగిలే పిప్పిలోకి పోతుంది. 100 కిలోల గింజకు సుమారు 40 కిలోల నూనె, 58 కిలోల చెక్క వస్తాయనుకుందాం. గింజలో 12 పీపీబీ ఉంటే లాట్ పాసైనట్టే. కానీ అదంతా చెక్కలో పోగుపడితే 12ను 0.58తో భాగించాలి, 20 దాటుతుంది. పశువుల దాణాకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో అఫ్లాటాక్సిన్ బీ1 పరిమితి 20 పీపీబీ. ఆ చెక్క తిన్న బర్రె పాలలో ఇదే విషం ఎం1 రూపంలో వస్తుంది. కాబట్టి చట్టం 15 అన్నా, మిల్లు తనకు తానుగా 8 దగ్గర గీత గీసుకోవడం మంచిది.

పద్ధతి ఇలా:

1. లాట్ దిగగానే నంబరు వేయండి. యార్డు పేరు, అడ్తి, తేదీ, బస్తాల సంఖ్య, రకం రాయండి. బాదేపల్లి యార్డు సరుకు, నేరుగా రైతు తెచ్చిన సరుకు ఒకే లాట్‌గా కలపకండి.

2. తేమ చూడండి. కాయలో 8 శాతం, ఒలిచిన గింజలో 7 శాతం మించితే తీసుకోవద్దు, లేదా ఎండబెట్టే షరతు మీద విడిగా పెట్టండి. చెవి దగ్గర కాయ ఊపితే గింజ గలగలలాడటం మొదటి గుర్తు మాత్రమే, మీటర్ రీడింగ్ రాయాల్సిందే. కాంటా దగ్గర బరువు పెంచడానికి కాయ మీద నీళ్లు చల్లిన సరుకు పైకి ఆరినట్టు కనిపిస్తుంది, లోపల బూజు కడుతుంది. బస్తా నడుమ నుంచి తీసిన కాయకే తేమ చూడండి.

3. శాంపిల్ తీయండి. 100 బస్తాల లాట్ అయితే కనీసం 25 బస్తాల్లోంచి, పైన, నడుమ, అడుగున గొట్టం గుచ్చి, మొత్తం 5 కిలోలు. ఒలిచి, వచ్చిన గింజ మొత్తాన్నీ రవ్వగా పట్టించి బాగా కలపండి. అందులోంచి అర కిలో ల్యాబ్‌కు, అర కిలో సీల్ వేసి మీ దగ్గర. పట్టించకుండా గుప్పెడు గింజ పంపితే ఫలితం అదృష్టమే. విషం లాట్ అంతా సమానంగా ఉండదు, కొద్ది గింజల్లోనే పోగుపడి ఉంటుంది. ఆ గింజ శాంపిల్‌లో పడకపోతే సున్నా, పడితే వందలు.

4. రోజువారీ అంగీకారానికి మిల్లులోనే అఫ్లాటాక్సిన్ చూసుకునే స్ట్రిప్ కిట్ సరిపోతుంది. గీత దగ్గరగా వచ్చిన లాట్లు, సీజన్ మొదటి లాట్లు ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబ్‌కు.

5. ఏరే బల్ల. ముడుచుకున్నవి, రంగు మారినవి, పొర చీలినవి, మొలకెత్తినవి తీసేస్తే విషంలో పెద్ద భాగం పోతుంది. ఏరిన చెత్తను తూకం వేసి రాయండి. దాన్ని తిరిగి గానుగలో వేయడం, కోళ్ల దాణాకు అమ్మడం ఘోరమైన పని. కాల్చేయండి, లేదా పొలాలకు దూరంగా పాతిపెట్టండి. రిజిస్టర్‌లో పారేసిన తేదీ, సంతకం ఉండాలి.

10 బస్తాల్లో ఒక్కదాంట్లో 100 పీపీబీ ఉండి మిగతా తొమ్మిదీ శుభ్రమైనా, కలిపితే సగటు 10. వేయించిన పల్లీలకు పరిమితి అంచుకు చేరినట్టే. ఒక్క బస్తా బేరం కోసం లాట్ పోగొట్టుకోకండి.

నూనె విషయానికొస్తే, పల్లీ నూనెకు ఎఫ్ఎస్ఎస్ఎఐ కొలతలు: అయోడిన్ విలువ 85 నుంచి 99, సపోనిఫికేషన్ విలువ 188 నుంచి 196, ఆసిడ్ విలువ 6కు మించకూడదు, బెల్లియర్ పరీక్షలో మబ్బు పట్టే ఉష్ణోగ్రత 39 నుంచి 41 డిగ్రీలు, ఆర్జిమోన్ (బ్రహ్మదండి) నూనె జాడ ఉండకూడదు. పామాయిల్, పత్తిగింజ నూనె కలిస్తే ఈ అంకెల్లో ఏదో ఒకటి పక్కకు జరుగుతుంది. పత్తి నూనెకు హాల్ఫెన్ అనే ప్రత్యేక పరీక్ష కూడా ఉంది. ఆసిడ్ విలువ ఎక్కువ వస్తే సాధారణంగా తప్పు గానుగది కాదు, తడిసిన పాత గింజది.

ఐదో మెట్టు: అగ్‌మార్క్

1937 నాటి గ్రేడింగ్, మార్కింగ్ చట్టం కింద కేంద్ర మార్కెటింగ్ విభాగం దీన్ని నడుపుతుంది. శుద్ధ పల్లీ నూనెకు ఇది ఐచ్ఛికం. రెండు నూనెలు కలిపిన బ్లెండెడ్ నూనె అమ్మాలంటే తప్పనిసరి, అందులో ఏ నూనే బరువులో 20 శాతానికి తగ్గకూడదు. సొంత ల్యాబ్, ఆమోదం పొందిన కెమిస్ట్ కావాలి, లేదా ఆమోదిత ల్యాబ్‌తో ఒప్పందం. ప్రతి ట్యాంకూ ఒక లాట్, పరీక్ష అయ్యేదాకా సీల్. మీ అమ్మకం జిల్లా దాటకపోతే దీనికి తొందర లేదు. ప్రభుత్వ సంస్థలకు, హాస్టళ్లకు టెండర్లు వేయాలనుకుంటే ఆ టెండర్ కాగితాల్లో అడిగారో లేదో చూసి తీసుకోండి.

ఆరో మెట్టు: హ్యాసప్, ఐఎస్ఓ 22000

హ్యాసప్ అంటే ప్రమాదం ఎక్కడ రావచ్చో ముందే గుర్తించి, ఆ కీలక చోట్ల అదుపు చేసే ప్లాన్. దానికి కన్సల్టెంట్ ఇచ్చిన రెడీమేడ్ ఫైల్ కొనకండి. బిస్కట్ ఫ్యాక్టరీ ప్లాన్‌లో పేరు మార్చి ఇస్తారు. ఆడిటర్ రెండో పేజీలోనే పట్టుకుంటారు. మీ మిల్లులో గింజ నడిచే దారిని గీసి, ప్రతి దగ్గరా ఏం తేడా రావచ్చో రాయండి. పల్లీ నూనెకు సాధారణంగా తేలే కీలక బిందువులు రెండు: గింజ అంగీకారం దగ్గర అఫ్లాటాక్సిన్, చివరి ఫిల్టర్ దగ్గర లోహపు ముక్కలు. ఎక్స్‌పెల్లర్ పురులు అరిగేటప్పుడు ఇనుప రజను రాలుతుంది, కాబట్టి తొట్టి ముందూ నూనె దారిలోనూ అయస్కాంతం పెట్టండి. షిఫ్టుకోసారి తుడిచి, అంటిన రజను కాగితానికి అతికించి తేదీ వేయండి. రజను ఒక్కసారిగా పెరిగితే పురి మార్చే సమయం వచ్చిందని ముందే తెలుస్తుంది. ప్రతి బిందువుకూ అంకె ఉన్న గీత, చూసేవాళ్లెవరు, ఎంతసేపటికోసారి, గీత దాటితే ఏం చేయాలి, ఈ నాలుగూ గోడ మీద తెలుగులో ఉండాలి. గానుగ దగ్గర నిలబడే మనిషికి చదవరాని ప్లాన్ ప్లాన్ కాదు.

కనీసం మూడు నెలలు రికార్డులు నడిపి, సొంత ఆడిట్, యజమాని సమీక్ష పూర్తి చేసి, అప్పుడు సర్టిఫికేషన్ సంస్థను పిలవండి. ఆ సంస్థకు ఎన్ఏబీసీబీ (సర్టిఫికేషన్ సంస్థలకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) వంటి చోటి నుంచి అక్రెడిటేషన్, అందులో ఐఎస్ఓ 22000 ఉండాలి. స్టేజ్ 1లో పత్రాలు, సన్నద్ధత చూస్తారు, స్టేజ్ 2లో మిల్లు నడుస్తుండగా చూస్తారు. సీజన్ కాని నెలలో, గానుగ ఆగి ఉన్నప్పుడు స్టేజ్ 2 పెట్టుకోకండి. సర్టిఫికెట్ మూడేళ్లకు, ఏటా నిఘా ఆడిట్. కన్సల్టింగ్, సర్టిఫికెట్ రెండూ ఒకే సంస్థ ఇస్తానంటే, ఆడిట్‌కు మనిషి రాకుండానే ఇస్తానంటే, ఆ కాగితం ఏ పెద్ద కొనుగోలుదారు దగ్గరా చెల్లదు.

ఆడిట్లలో చిన్న మిల్లులు దెబ్బతినేది దాదాపు ఎప్పుడూ ఈ చోట్లే. తేమ మీటర్‌కు కాలిబ్రేషన్ లేదు. నెల రోజుల రిజిస్టర్ ఒకే పెన్నుతో ఒకే రోజు నింపినట్టుంది. గ్రీజు డబ్బా నూనె ట్యాంకు పక్కన ఉంది. ఇక రీకాల్ (అమ్మిన సరుకు వెనక్కి రప్పించే) కసరత్తు: ఆడిటర్ షాపులోంచి ఒక సీసా తెచ్చి బ్యాచ్ నంబరు చెబుతారు. అది ఏ లాట్ గింజ, ఆ బ్యాచ్ ఎన్ని సీసాలు, ఎవరెవరికి పోయాయి, గోదాములో ఎన్ని మిగిలాయి అన్నది అప్పటికప్పుడు చూపాలి. నూనె, చెక్క, ఏరిన చెత్త, మిగులు అన్నీ కలిపితే గింజ బరువుకు దగ్గరగా రావాలి. ప్రతి మూడు నెలలకోసారి మీరే ఈ కసరత్తు చేసి చూసుకోండి.

ఇతరుల కాగితం తనిఖీ, ఏడాది క్యాలెండర్

సీసాలు, ట్యాంకర్, పట్టీకి బెల్లం, ఇవన్నీ మీరూ ఎవరి దగ్గరో కొంటారు. వాళ్ల సర్టిఫికెట్ మీద ముందు చిరునామా చూడండి, హైదరాబాద్ ఆఫీసు పేరున ఉన్న కాగితం జడ్చర్ల ప్లాంటుకు వర్తించదు. తర్వాత స్కోప్: "ట్రేడింగ్" అని ఉంటే తయారీకి కాదు. ఎఫ్ఎస్ఎస్ఎఐ నంబరును ఫాస్‌కాస్‌లో, ఐఎస్ఓను సర్టిఫికెట్లు వెతికే అంతర్జాతీయ వెబ్‌సైట్ ఐఏఎఫ్ సెర్ట్‌సెర్చ్‌లో, ఐఎస్ఐ మార్కును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. ల్యాబ్ రిపోర్టు మీద యూఎల్ఆర్ నంబరు (ఎన్ఏబీఎల్ ల్యాబ్ రిపోర్టుకు ఉండే ప్రత్యేక నంబరు) ఉందా, ఆ ల్యాబ్ ఎన్ఏబీఎల్ స్కోప్‌లో మీరు అడిగిన పరీక్షే ఉందా అన్నది కూడా. నీళ్లకు గుర్తింపున్న ల్యాబ్‌కు అఫ్లాటాక్సిన్‌కు గుర్తింపు ఉండాలని లేదు.

మిల్లు గోడ మీద ఒక క్యాలెండర్: మే 31లోగా ఎఫ్ఎస్ఎస్ఎఐ వార్షిక రిటర్ను, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల జరిమానా. ఆరు నెలలకోసారి నూనె, నీటి పరీక్షలు. ఏడాదికోసారి కాంటా ముద్ర, మీటర్ల కాలిబ్రేషన్, వైద్య పరీక్షలు. యాసంగి కాయ దిగే జనవరికి ముందే, డిసెంబర్‌లో, స్ట్రిప్ కిట్ల గడువు తేదీ చూసి కొత్తవి తెప్పించి పెట్టుకోండి. సీజన్ మొదలయ్యాక అవి దొరికేసరికి పది లాట్లు గానుగ దాటిపోతాయి.